ఎస్‌ఎస్‌ఆర్ తగ్గాలా, పెరగాలా? రెసిడ్యువల్స్ గురించి ఒక పాఠకురాలికి

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. బీకాం చదివి, బెంగళూరులో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. ఈ మధ్యే అదే కంపెనీలో డేటా ఎనలిటిక్స్ టీంలోకి మారాను. ప్రాక్టీసు కోసం నాతో కలిపి ఐదుగురి వివరాలు రాసుకున్నాను. ఇంటి నుంచి ఆఫీసుకు ఎంత దూరం, పొద్దున రావడానికి ఎంతసేపు పడుతుంది అని. 2 కిలోమీటర్లకు 15 నిమిషాలు, 4కు 25, 6కు 30, 8కి 50, 10కి 55. ఆ 8 కిలోమీటర్ల మనిషిని నేనే. రిగ్రెషన్ వేస్తే, అంటే ఈ పాయింట్లకు బాగా కుదిరే గీత గీస్తే, సమయం = 3.5 + 5.25 × దూరం అని వచ్చింది. రెసిడ్యువల్స్, అంటే నిజంగా పట్టిన సమయానికీ గీత చెప్పినదానికీ తేడాలు, కూడితే సరిగ్గా సున్నా. మోడల్ కరెక్టేనని సంతోషపడ్డాను. మీటింగ్‌లో చూపిస్తే మా లీడ్ “ఎస్‌ఎస్‌ఆర్ ఎంత తక్కువుంటే అంత మంచిది” అన్నారు. నేను “లేదు సార్, ఎక్కువుండాలి, నా పుస్తకంలో అలాగే ఉంది” అన్నాను. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి మళ్లీ చదివితే ఇంకా అయోమయం. గుర్తు కూడా ఒక పుస్తకంలో ఎప్సిలాన్, ఇంకోదాంట్లో ‘ఈ’ (e), వీడియోల్లో ‘యూ’ (u). ఎర్రర్, రెసిడ్యువల్ ఒకటేనా? లెక్కలు పెద్దగా రాని నేను తిరిగి అకౌంట్స్‌కే వెళ్లిపోవడం మేలా?
— ఒక పాఠకురాలు, బీటీఎం లేఅవుట్, బెంగళూరు

జవాబు: ముందు మీటింగ్ సంగతి తేలుద్దాం, మీ మనసులో గుచ్చుకున్నది అదే కాబట్టి. మీరన్నది తప్పు కాదు. మీ లీడ్ అన్నదీ తప్పు కాదు. ఇద్దరూ అవే అక్షరాలు పలికారు, కానీ ఒక్కొక్కరి మనసులో ఒక్కో అంకె ఉంది.

మీ లెక్కే తీసుకుందాం. ఐదుగురి సగటు సమయం 35 నిమిషాలు. ఒక్కొక్కరూ ఆ సగటుకు ఎంత అటూ ఇటూ ఉన్నారో చూసి, వర్గం చేసి కూడితే 1150 వస్తుంది. ఉన్న హెచ్చుతగ్గులన్నీ ఇందులోకి వచ్చేశాయి. ఈ 1150లో 1102.5ను మీ గీత దూరంతో వివరించేసింది. మిగిలిన 47.5 గీతకు అందనిది, అంటే రెసిడ్యువల్స్‌ను వర్గం చేసి కూడితే వచ్చేది. స్టాటిస్టిక్స్ పాఠ్యపుస్తకాలు చాలావాటిలో ఎస్‌ఎస్‌ఆర్ అంటే రిగ్రెషన్ వాటా (సమ్ ఆఫ్ స్క్వేర్స్ డ్యూ టు రిగ్రెషన్), 1102.5. అది పెరగాలి. ఎకనామెట్రిక్స్ (ఆర్థికశాస్త్రంలో వాడే స్టాటిస్టిక్స్) పుస్తకాల్లో తరచూ ఎస్‌ఎస్‌ఆర్ అంటే రెసిడ్యువల్స్ వాటా (సమ్ ఆఫ్ స్క్వేర్డ్ రెసిడ్యువల్స్), 47.5. అది తగ్గాలి. ఎస్‌ఎస్‌ఈ దగ్గర కూడా ఇదే పేచీ. మొదటి రకం పుస్తకంలో అందులోని ‘ఈ’ అక్షరం ఎర్రర్‌ది, రెండో రకంలో కొన్నిచోట్ల ఎక్స్‌ప్లెయిన్డ్‌ది. అంటే రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండు పేర్లూ తారుమారైపోతాయి. పైథాన్‌లో స్టాట్స్‌మోడల్స్ అనే ప్యాకేజీ వాడేవాళ్లకు ఎస్‌ఎస్‌ఆర్ అని అడిగితే వచ్చేది 47.5. మీ లీడ్ రోజూ చూసేది బహుశా అదే అయ్యుంటుంది.

ఆ గదిలో ఎవరైనా ఒక్కరు లేచి రెండు అంకెలూ బోర్డు మీద వేసి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. మీ చదువును చూసి నవ్వాల్సిన సందర్భం కాదది, పుస్తకాలు రాసినవాళ్ల మధ్య కుదరని ఒప్పందం. ఇకమీదట మీ స్లైడ్స్‌లో ఆ మూడక్షరాలు రాయకండి. “రెసిడ్యువల్స్ వర్గాల మొత్తం 47.5, సమయంలోని మొత్తం హెచ్చుతగ్గు 1150” అని పూర్తిగా రాయండి. ఒక లైను పెరిగితే పెరుగుతుంది, వాదన మాత్రం ఉండదు. ఆర్ స్క్వేర్, అంటే మొత్తం హెచ్చుతగ్గులో గీత వివరించిన వంతు, కూడా అక్కడే కనిపిస్తుంది: 47.5ను 1150తో భాగించి 1లోంచి తీసేస్తే సుమారు 0.96.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఎర్రర్, రెసిడ్యువల్ ఒకటి కావు. ఈ తేడా ఒక్కసారి తలకెక్కితే గుర్తుల గొడవ ముప్పాతిక వంతు తీరిపోతుంది.

మీ గీత ప్రకారం ఐదుగురికీ పట్టాల్సిన సమయాలు వరసగా 14, 24.5, 35, 45.5, 56 నిమిషాలు. నిజంగా పట్టినవి 15, 25, 30, 50, 55. నిజంలోంచి గీత చెప్పినది తీసేయండి: 1, 0.5, −5, 4.5, −1. ఇవే రెసిడ్యువల్స్. మీ చేతిలో ఉన్న అంకెలతో, మీరు గీసిన గీత నుంచి కొలిచినవి. కాగితం మీద రాసి చూపించగలిగినవి.

ఎర్రర్ అలా కాదు. ఈ ఊళ్లో దూరానికీ సమయానికీ మధ్య ఒక అసలు సంబంధం ఉందని ముందు మనం ఊహిస్తాం. వేలమందిని, వందల రోజులు చూస్తే తప్ప దాని దగ్గరికి కూడా వెళ్లలేం. ఒక మనిషికి పట్టిన సమయం ఆ అసలు గీత నుంచి ఎంత పక్కకు జరిగిందో అదే ఎర్రర్. అసలు గీతే కంటికి కనిపించనప్పుడు దాని నుంచి దూరం ఎలా కొలుస్తాం? కొలవలేం. ఐదుగుర్ని బట్టి మీరు వేసిన 3.5, 5.25 కేవలం అంచనాలు. వేరే ఐదుగుర్ని అడిగి ఉంటే వేరే గీత వచ్చేది, రెసిడ్యువల్స్ వేరేగా ఉండేవి. అసలు గీత మాత్రం కదిలేది కాదు.

గుర్తులన్నీ ఈ తేడా చూపించడానికే పుట్టాయి. కనిపించని, అసలువైన వాటికి గ్రీకు అక్షరాలు: బీటా నాట్, బీటా వన్, ఎప్సిలాన్, చిన్న సిగ్మా. మన డేటాతో లెక్కగట్టిన వాటికి మామూలు ఇంగ్లిష్ అక్షరాలు: బీ, ఈ, ఎస్. ఈ పద్ధతి స్థిరపడటంలో స్టాటిస్టీషియన్ రోనాల్డ్ ఫిషర్‌ది పెద్ద చెయ్యి. ఇంకో దారిలో వెళ్లినవాళ్లు గ్రీకు అక్షరాన్నే ఉంచి, దాని నెత్తిన చిన్న టోపీ పెడతారు. బీటా వన్ హ్యాట్ అంటే బీటా వన్‌కు మన అంచనా, మీ లెక్కలో 5.25. వై హ్యాట్ అంటే గీత చెప్పిన సమయం. కాబట్టి ఒక పుస్తకంలోని ‘ఈ’, ఇంకో పుస్తకంలోని ఎప్సిలాన్ హ్యాట్, మూడోదాంట్లోని యూ హ్యాట్ మూడూ మీ 1, 0.5, −5, 4.5, −1లే. టోపీ లేని ఎప్సిలాన్, టోపీ లేని యూ మాత్రం ఎర్రర్. వీడియోలో బోర్డు మీద రాసేటప్పుడు చాలామంది టోపీ మర్చిపోతారు. మీ అయోమయంలో సగం అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. గీత గీయకముందు రాసిన సమీకరణమైతే అది ఎర్రర్, గీసిన తర్వాత రాసినదైతే రెసిడ్యువల్. టోపీ లేకపోయినా ఈ ఒక్క ప్రశ్నతో పోల్చుకోవచ్చు.

అక్షరం కింద కనిపించే చిన్న ఐ గురించి భయపడక్కర్లేదు, అది మీ ఎక్సెల్ షీట్లో వరస నంబరు, అంతే. నెత్తిన అడ్డగీత ఉంటే సగటు. పెద్ద సిగ్మా కనిపిస్తే “అన్నీ కూడు” అని చదువుకోండి. దానికీ చిన్న సిగ్మాకూ చుట్టరికం లేదు.

రెసిడ్యువల్స్‌కు ఇంకో స్వభావం ఉంది, ఎర్రర్స్‌కు లేనిది. ఇది మీరు సొంత చేత్తో చేసి చూడాలి. మీ ఐదు రెసిడ్యువల్స్‌లో చివరి రెండింటినీ అరచేత్తో మూసేయండి. కనిపిస్తున్నవి 1, 0.5, −5. వీటి మొత్తం −3.5. ఐదూ కలిస్తే సున్నా రావాలి కాబట్టి మూసిన రెండూ కలిసి 3.5 అవ్వాలి. రెండో నిబంధన కూడా ఉంది: ఒక్కో రెసిడ్యువల్‌ను దాని దూరంతో గుణించి కూడినా సున్నాయే రావాలి. కనిపిస్తున్న మూడింటికీ 2 + 2 − 30, అంటే −26. కాబట్టి 8తో గుణించిన నాలుగోది, 10తో గుణించిన ఐదోది కలిసి 26 అవ్వాలి. ఈ రెండు షరతులూ తీరే జత ఒక్కటే: 4.5, −1. చెయ్యి తీసి చూసుకోండి.

ఐదు ఉన్నాయి కానీ స్వేచ్ఛగా కదలగలిగేవి మూడే. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అని ప్రతి పుస్తకమూ చెప్పేది ఇదే. ఇంటర్‌సెప్ట్‌కు (మీ 3.5) ఒకటి, స్లోప్‌కు (మీ 5.25) ఒకటి ఖర్చయిపోయాయి. అందుకే ఎర్రర్స్ ఎంత చెదిరి ఉంటాయో అంచనా వేసేటప్పుడు 47.5ను 5తో కాకుండా 3తో భాగిస్తాం. 15.83 వస్తుంది, దాని వర్గమూలం సుమారు 3.98 నిమిషాలు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్ అని వచ్చేది ఇదే అంకె. ఆ పేరులో రెండు మాటలూ కలిసిపోయి కొత్తవాళ్లను మళ్లీ తికమక పెడతాయి. అది రెసిడ్యువల్స్‌తో కట్టిన, ఎర్రర్స్ వ్యాప్తికి అంచనా.

మొత్తం సున్నా అయ్యింది కాబట్టి మోడల్ కరెక్ట్ అన్నారే, అక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను. మీరు అకౌంట్స్ చేసినవారు. ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయినంత మాత్రాన పుస్తకాలు సరిగ్గా ఉన్నట్టా? రిపేరు ఖర్చును మెషినరీ ఖాతాలో రాసినా టాలీ అవుతుంది, ఒక బిల్లు అసలు ఎక్కించకపోయినా టాలీ అవుతుంది. రెసిడ్యువల్స్ మొత్తం సున్నా కావడం సరిగ్గా అలాంటిదే. కనిష్ఠ వర్గాల పద్ధతిలో (రెసిడ్యువల్స్ వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా), ఇంటర్‌సెప్ట్ పెట్టి గీత వేస్తే అది సున్నా అయి తీరుతుంది. నమ్మకం కుదరకపోతే దూరాన్నే తీసేసి “అందరికీ 35 నిమిషాలు” అనే మోడల్ పెట్టండి. రెసిడ్యువల్స్ −20, −10, −5, 15, 20. మొత్తం మళ్లీ సున్నా! రెండు కిలోమీటర్లలో ఉన్నవారికీ పది కిలోమీటర్లలో ఉన్నవారికీ ఒకే సమయం చెప్పే మోడల్ కూడా ఈ పరీక్ష పాసైపోయింది. అదే మీరు ఇంటర్‌సెప్ట్ తీసేసి, గీతను సున్నా గుండా పంపితే మొత్తం సుమారు 3.18 వస్తుంది. ఈ మొత్తం వల్ల ఒకే ఉపయోగం: ఇంటర్‌సెప్ట్ ఉండి కూడా సున్నా రాకపోతే మీ కూడికలోనో కోడ్‌లోనో తప్పుందని తెలుస్తుంది.

ఇంతదాకా కూడిక, తీసివేత, గుణకారం తప్ప మనం వాడింది ఏమీ లేదు, చూశారా? ఒక అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా వదలకపోవడం ఈ పనికి పెద్ద బలం, అది మీకు అకౌంట్స్‌లోనే అలవాటైంది. వెనక్కి పోవద్దు.

మరి మోడల్ ఎలా ఉందో దేన్ని చూసి చెప్పాలి? గ్రాఫ్ చూడాలి. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే స్టాటిస్టీషియన్ నాలుగు చిన్న డేటాసెట్లు తయారుచేశాడు, ఒక్కోదాంట్లో 11 పాయింట్లు. నాలుగింటికీ వచ్చే గీత దాదాపు ఒకటే, ఇంటర్‌సెప్ట్ 3, స్లోప్ 0.5. ఆర్ స్క్వేర్ కూడా నాలుగింటికీ 0.67 దగ్గరే. పాయింట్లు పెట్టి చూస్తే ఒకటి మామూలుగా ఉంటుంది, ఒకటి చక్కగా వంగిన వంపు, ఒకదాంట్లో వరసలోంచి ఒకే పాయింటు ఎగిరిపోయి ఉంటుంది, నాలుగోదాంట్లో గీత మొత్తం ఒకే ఒక్క పాయింటు మీద ఆధారపడి నిలబడి ఉంటుంది. సారాంశపు అంకెలు ఈ తేడాను పట్టలేవు. అందుకే మీ 0.96 చూసి కూడా నేను వెంటనే సంబరపడను.

గ్రాఫ్ వేసేటప్పుడు నిలువుగా రెసిడ్యువల్స్, అడ్డంగా వై హ్యాట్ పెట్టండి. అడ్డంగా వై, అంటే నిజంగా పట్టిన సమయం, పెట్టకండి. కారణం మీ అంకెల్లోనే ఉంది. రెసిడ్యువల్స్‌ను వై హ్యాట్‌తో గుణించి కూడండి: 14 + 12.25 − 175 + 204.75 − 56, సున్నా. అవే రెసిడ్యువల్స్‌ను నిజంగా పట్టిన సమయాలతో గుణించి కూడితే 47.5. అంటే వైతో రెసిడ్యువల్స్‌కు ఎప్పుడూ కొంత సంబంధం ఉంటుంది, మోడల్ ఎంత బాగున్నా సరే. ఆ గ్రాఫ్‌లో పాయింట్లు పైకి ఎక్కుతున్నట్టు కనిపించి, లేని లోపం ఉందని టెన్షన్ పడతారు. వై హ్యాట్‌తో వేస్తే ఆ భ్రమ ఉండదు. వంపు కనిపిస్తే సరళరేఖ చాలలేదని, కుడివైపు పోనుపోను పాయింట్లు విచ్చుకుంటే దూరం పెరిగేకొద్దీ అనిశ్చితి కూడా పెరుగుతోందని అర్థం. ఏ ఆకారమూ లేకుండా చెదిరి ఉంటే అదే మనకు కావాల్సింది.

ఇక మీ 4.5. బీటీఎం నుంచి వస్తారు కాబట్టి ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటక మీకు తప్పదని ఊహిస్తున్నాను. గీతకు తెలిసింది దూరం ఒక్కటే, ఆ సిగ్నల్ దానికి తెలియదు. 6 కిలోమీటర్ల వారికి −5 వచ్చింది, గీత చెప్పినదానికన్నా ఐదు నిమిషాలు ముందే చేరుతున్నారు. లోపలి రోడ్లు తెలిసిన మనిషి కావచ్చు, టూవీలర్ కావచ్చు. అడగండి. గుర్తు ఎటో కూడా ఇక్కడే గట్టి చేసుకోండి: నిజంలోంచి అంచనా తీస్తే ప్లస్ అంటే ఆలస్యం. కొందరు తిరగేసి తీస్తారు, అప్పుడు ప్లస్ అంటే తొందర. ఎవరి ఫైలైనా చేతికొస్తే ఒక వరస తీసివేసి చూసుకున్నాకే ముందుకు పోండి.

రెండు కొసల్లో ఉన్నవాళ్ల రెసిడ్యువల్స్, 1, −1, చాలా చిన్నవి. వాళ్లకు గీత బాగా కుదిరిందని వెంటనే అనుకోవద్దు. కొసన ఉన్న పాయింటు గీతను తనవైపు లాక్కుంటుంది. 10 కిలోమీటర్ల వారికి 10 నిమిషాలు ఎక్కువ పట్టిందనుకుంటే, అక్కడ గీత 6 నిమిషాలు పైకి లేస్తుంది, రెసిడ్యువల్‌లో తేడా 4 నిమిషాలే కనిపిస్తుంది. మధ్యలో ఉన్న 6 కిలోమీటర్ల వారికి అదే జరిగితే గీత 2 నిమిషాలే కదులుతుంది, 8 నిమిషాల తేడా బయటపడుతుంది. ఈ 0.6ను, 0.2ను లెవరేజ్ అంటారు. పుస్తకంలో కాస్త ముందుకెళ్తే వీటినే హ్యాట్ మ్యాట్రిక్స్‌లో చూస్తారు. వైకి టోపీ పెట్టేది అదే కాబట్టి జాన్ ట్యూకీ దానికా పేరు పెట్టాడు. కొసవాళ్లనూ మధ్యవాళ్లనూ ఒకే తక్కెడలో తూచడానికి రెసిడ్యువల్‌ను 3.98తోనూ, 1లోంచి లెవరేజ్ తీసేసిన దాని వర్గమూలంతోనూ భాగిస్తారు. అలా చేస్తే మీది 1.35, 6 కిలోమీటర్ల వారిది −1.40, కొసవాళ్లవి 0.40, −0.40 చొప్పున. వీటిని స్టాండర్డైజ్డ్ రెసిడ్యువల్స్ అంటారు. 2 దాటితే ఆగి చూడమని మామూలుగా చెబుతారు. మీ ఐదుగురిలో అలాంటివారు లేరు. కానీ ఐదు పాయింట్లతో వంపులూ ఆకారాలూ వెతకడం కూడా న్యాయం కాదు.

ముందు ముందు ఎదురయ్యేది ఇంకొకటి చెప్పాలి. ఒకే ఫైల్లో దూరం కిలోమీటర్లలో ఒక కాలమ్, మీటర్లలో ఇంకో కాలమ్ ఉండి, రెండూ మోడల్‌లో పెట్టారనుకోండి. ఆర్ సాఫ్ట్‌వేర్ ఒక దాని ఎదురుగా ఎన్ఏ (విలువ లేదు) అని చూపిస్తుంది. ఒకే సమాచారం రెండుసార్లు ఇచ్చాక, ఏ కాలమ్‌కు ఎంత వాటా ఇవ్వాలో తేల్చడానికి ఒకే జవాబంటూ ఉండదు. అయినా వై హ్యాట్‌లు, రెసిడ్యువల్స్ మాత్రం ఎలా పంచినా అవే వస్తాయి. ఇలాంటి చోట్ల లెక్క ఎలా నడపాలో జనరలైజ్డ్ ఇన్వర్స్‌తో (మామూలు విలోమం లేని మ్యాట్రిక్స్‌కూ పనికొచ్చే విలోమం) చూపించినవాళ్లలో ముందువరసలో ఉన్నారు మన స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారు, దాని మీద ఆయన పేపర్ ఒకటి 1962లో వచ్చింది. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగలిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మనిషి. ఈ సబ్జెక్టులో ఎన్నో చోట్ల ఆయన పేరు మీకు తగులుతూనే ఉంటుంది, నాకైతే తగిలిన ప్రతిసారీ గర్వంగా ఉంటుంది.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. మీ ఫ్లోర్‌లో అడగగలిగిన అందర్నీ అడిగి వరసలు పెంచండి. దూరం, సమయంతో పాటు ఎన్నింటికి బయల్దేరతారో, దేని మీద వస్తారో, సిల్క్ బోర్డ్ దాటాలో వద్దో కూడా రాసుకోండి. ముందు దూరంతోనే గీత వేసి, రెసిడ్యువల్స్ గ్రాఫ్‌లో సిల్క్ బోర్డ్ దాటేవాళ్లను ఒక రంగులో, దాటనివాళ్లను ఇంకో రంగులో పెట్టండి. మొదటి రంగు సున్నా గీతకు పైన, రెండోది కింద గుంపుగా చేరితే ఆ జంక్షన్‌ను కూడా ఒక కాలమ్‌గా మోడల్‌లో చేర్చండి. రంగులు రెండూ కలగాపులగంగా ఉంటే దాన్ని చేర్చాల్సిన పని లేదు, మీ 4.5 ఆ రోజుకు పట్టిన ఆలస్యమే కావచ్చు.